నీ వంతులో నేను తోలిన లారీ

పైడిరాజు బావకి,

బాగున్నావా అని అడగడానికి వీల్లేదు కాబట్టి ముందు మా సంగతే రాస్తున్నాను. అందరం బాగానే ఉన్నాం. నువ్వు పోయి సంవత్సరం మీద నాలుగు రోజులైంది. ఏడాది కార్యం అయిపోయింది. అక్క వంకాయలో ఎండురొయ్యలు వేసి వండింది. నీకని ఆకులో పెట్టినదాన్ని కాకి వెంటనే ముట్టింది. ముట్టదేమో అని నేను భయపడ్డాను. ఎందుకు భయపడ్డానో నీకు చెప్పాలి…

కొట్టు నడుస్తోంది. అక్కే నడుపుతోంది. సచివాలయం ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టేవాళ్లు మొన్నటిదాకా రోడ్డు మీదకి బారులు కట్టారు. కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కోవడంలో ఆలస్యం తప్ప అక్కకి మిగతా పని అంతా వచ్చేసింది. పెద్ద జిరాక్సు మిషను మాత్రం ఇంకా కాగితం మింగుతోంది. నువ్వు దాని పక్కన అరచేత్తో ఒకటి కొట్టేవాడివి. నేను కొడితే వినదు. అక్క కొడితే వింటుంది.

ఈ ఉత్తరం ఎప్పుడో రాయాల్సింది. ముఖం చెల్లలేదు. నీ ఎదురుగా నిలబడి చెప్పాల్సి వస్తే ఇప్పుడు కూడా చెప్పేవాణ్ని కాదేమో.

నీ పేరు మీద నేను ఏడు నెలలు తిరిగాను బావా.

మొదటి నుంచి రాస్తాను. చాలా మటుకు నీకు తెలిసిందే. అయినా వరసగా రాసుకుంటే తప్ప నా తప్పు ఎక్కడ మొదలైందో నాకే దొరకడం లేదు.

నీకు లారీ తోలాలని కోరిక. రెండేళ్లు క్లీనరుగా తిరిగావు, రాయపూర్ దాకా వెళ్లొచ్చావు. లైసెన్సు దగ్గర ఆగిపోయింది. చిన్నప్పుడు నూర్పిళ్లలో గడ్డిమొన గుచ్చుకుని నీ కుడికన్ను పోయింది కదా. విజయనగరంలో ఎడమకన్ను మూసుకుని బోర్డు చదవమన్నారు. బోర్డు ఎక్కడుందని నువ్వు అడిగావు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి ముందు నువ్వే నవ్వావు. "ఆడేటి అడిగినాడో ఇనబడింది గానీ, ఆడు సూపించిందేటో అగపడ్లేదురా."

తర్వాత నెల్లిమర్లలో జిరాక్సు కొట్టు పెట్టావు. కొట్టుకి కంప్యూటరు వచ్చింది. కంప్యూటరులోకి లారీ ఆట వచ్చింది.

మొదటి సీడీ విజయనగరంలో రోడ్డు పక్కన కొన్నాం. ఎవరో కాపీ తీసి అమ్మేది. చూడని దేశాల్లో లారీ తోలడం, సరుకు ఎక్కించుకోవడం, దించడం, సిగ్నలు దగ్గర ఆగడం. ఆట అంతే. కాల్చడాలు, దూకడాలు లేవని నాకు విసుగొచ్చింది. నువ్వు మాత్రం ఆగాల్సిన ప్రతిచోటా ఆగావు. ఎవరూ లేని కూడలిలో కూడా ఇండికేటరు వేశావు. ఆ సీడీ ఒక పెద్ద వంతెన దాటగానే ఆగిపోయేది, తెర నల్లబడేది. నాలుగుసార్లు అలా అయ్యాక అన్నావు. "దొంగబండికి ఇన్సూరెన్సు ఉండదురా. కొనుక్కుందాం."

కొనుక్కోవడం అంత సుళువా అప్పుడు? ఆటలు అమ్మే పెద్ద దుకాణం ఇంటర్నెట్‌లో ఉంది. నాకు కార్డే లేదు. నీ కార్డు దేశం దాటి పనిచెయ్యదన్నారు. బ్యాంకుకి మూడుసార్లు తిరిగావు. దేనికి కావాలి అని అక్కడాయన అడిగితే, లారీ కొనడానికి అన్నావు. ఆయన లోను ఫారం చేతిలో పెట్టాడు. ఆ ఫారం చాలాకాలం కొట్లో గోడకి అంటించి ఉంది… ఇప్పుడూ ఉంది.

దుకాణం వాళ్లు మన రూపాయల్లో ధరలు చూపించి, మన బ్యాంకుల నుంచి తీసుకోవడం మొదలుపెట్టాక గానీ మన పని కాలేదు. ఖాతా నీ పేరు మీద తెరిచావు. తెరిచేముందు వాళ్ల నిబంధనలన్నీ చదివావు. ఒప్పుకుంటున్నాను అనే గడిలో అందరం చదవకుండానే టిక్కు పెడతాం. నువ్వు రోజంతా ఊరివాళ్ల ఫారాలు నింపే మనిషివి, చదవకుండా ఏదీ నొక్కవు. ఒక పూటంతా చదివి నాకు తేల్చి చెప్పావు. "ఇది సర్కారోళ్లిచ్చిన డీ-పట్టా భూమి లాంటిదిరా. మనమే దున్నుకోవాల. అమ్మకూడదు, ఇంకొకడికి ఇయ్యకూడదు." మళ్లీ కిందకి చదివి అన్నావు. "డీ-పట్టా అయితే మనిషి పోనాక ఇంట్లోవోళ్లకి వస్తాది. ఇది అదీ రాదంట."

అప్పుడు నేను ఆ మాట సరిగ్గా వినలేదు. నేను డౌన్‌లోడు ఎంత శాతం అయిందో చూస్తున్నాను.

ఆ తర్వాత ఇంకో దుకాణం నువ్వే పట్టుకున్నావు. పాత ఆటలు అమ్మేది. అక్కడ కొన్నదానికి తాళం లేదు, పెన్‌డ్రైవులో వేసి బీరువాలో దాచుకోవచ్చు. "ఇది జిరాయితీ, అది కౌలు" అన్నావు. ఒక రైలు ఆట, ఒక కోట కట్టే ఆట ఆ దుకాణంలో కొని సొంత భూమిలాగే చూసుకున్నావు. కానీ లారీ ఆట కౌలు దుకాణంలోనే ఉండిపోయింది. మన కాలమంతా కౌల్లోనే గడిచింది.

బట్టల కొట్లకి ఆషాఢం తగ్గింపులు ఉన్నట్టు ఆ దుకాణానికి ఎండాకాలం ఒకటి, చలికాలం ఒకటి ఉండేవి. కావాల్సినవి జాబితాలో పెట్టుకుని నువ్వు ఆరేసి నెలలు ఆగేవాడివి. నేను ఆగలేక గింజుకునేవాణ్ని. "ఆగినోడికే గిట్టుబాటు" అనేవాడివి. నేను దేనికీ ఆగలేదు బావా. అదే నా రోగం అనుకుంటాను.

మనిద్దరికీ ఖాతా అదొక్కటే, ఒకేసారి తెరిస్తే దుకాణం ఒకరిని బయటకి నెట్టేసేది. ఊళ్లో నేను లాప్‌టాప్ తెరవగానే ఇక్కడ కొట్లో నీ లారీ నడిరోడ్డు మీద మాయమయ్యేది. ఫోన్ చేసి తిట్టేవాడివి. చివరికి తీర్పు కూడా నువ్వే చెప్పావు. చంపావతి కాలువ నీళ్లకి మనూళ్లో ఎలాగో దీనికీ అలాగే వంతులు. పొద్దున్న కొట్టు తెరిచేదాకా నీది. సాయంత్రం నాది. ఆదివారం పొద్దుటిపూట మొత్తం నీది. ఆటలో నీ కంపెనీ వేరు, నా కంపెనీ వేరు. "వంతు తప్పితే పారతో కొడతాను, మా మావ కొడుకువని సూడను" అన్నావు. నువ్వున్నన్నాళ్లూ నేను వంతు తప్పలేదు. అది ఒక్కటి మాత్రం నిజం.

ఆదివారాలు నీకెందుకు కావాలో తర్వాత తెలిసింది. టెక్కలి ధర్మారావు గారు.

నువ్వు గురువుగారు అనేవాడివి కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ముప్పై ఏళ్లు నిజం లారీ తోలిన మనిషి. ప్రమాదంలో ఎడమకాలు మోకాలి కిందకి పోయింది. కూతురి కంప్యూటరు ఆయనకి ఆదివారం పొద్దున్నే దొరికేది. ఆటలో ఒక ఇరుకు వంతెన దగ్గర నువ్వు లారీ ఆపి దారిచ్చావట. ఆయన రెండుసార్లు హారన్ కొట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి, ఎవరి బండి బాబూ అని అడిగాడట. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో తిరిగే రోడ్డు మీద నీకు టెక్కలి మనిషి తగిలాడు. ఆ రోజు నువ్వు కొట్టు తెరవడం మర్చిపోయావని అక్క ఇప్పటికీ చెబుతుంది.

ఇద్దరికీ మైకు లేదు. రాసుకోవడమే. ఫోన్ నంబర్లు కూడా ఇచ్చుకోలేదు. అదేమిటని నేనడిగితే "రోడ్డు మీద స్నేహం రోడ్డు మీదే ఉండాలరా. ఇంటికి తెస్తే అరుగు మీద కబుర్లైపోతాయి" అన్నావు. నెల్లిమర్లలో జిరాక్సు కొట్టు అని ఒక్కసారి చెప్పావట, అంతే. "ఆయనకి కాలు తక్కువ, నాకు కన్ను తక్కువ. ఇద్దర్నీ కలిపితే ఒక డ్రైవరు" అని కూడా నువ్వే అన్నావు.

ఇంకో సంగతి కూడా ఆయనకి చెప్పి ఉంచావు. సాయంత్రం పూట నీ పేరు వెలిగితే అది నువ్వు కాదు, నీ బావమరిదినని. ఆదివారం పొద్దున్న వెలిగితే నువ్వేనని. అందుకే ఆయన సాయంత్రాలు ఎప్పుడూ పలకరించలేదు.

తర్వాత నీకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. దాని గురించి రాయను.

మనూళ్లో ఒక ఇంట్లో మనిషి పోతే, పెద్దకార్యం అయ్యేదాకా ఆ ఇంటి నీటివంతు ఎవరూ ముట్టుకోరు. ఎవరో ఒకరు పార పట్టుకుని వెళ్లి ఆ వంతుకి ఆ ఇంటి మడికే నీళ్లు కడతారు. ఎవరూ చెప్పక్కర్లేదు. నీ వంతుకి నాన్న వెళ్లాడు. తొమ్మిదో రోజు, ఆదివారం పొద్దున్న. అల్లుడి మడి దగ్గర పార ఆనించుకుని ఒక్కడే నిలబడ్డాడు.

అదే పొద్దున్న నేను స్నానానికని మీ ఇంటి నుంచి మా ఇంటికి వచ్చాను. లాప్‌టాప్ తెరిచాను. నా కంపెనీలోకి కాదు, నీ కంపెనీలోకి వెళ్లాను. నీ లారీ ఎక్కడ ఆగిందో ఒకసారి చూద్దామనుకున్నాను. నిజంగా అందుకేనా? ఇప్పటికీ తెలియదు…

పచ్చ లారీ, పసుప్పచ్చది, ఒక పెట్రోలు బంకు పక్కన ఆగి ఉంది. ఇంజను ఆపి, చేతిబ్రేకు వేసి. నువ్వు వదిలినట్టే. వెనక కాగితం రీళ్లు. కాగితమే మోస్తున్నావు, ఆటలో కూడా. సరుకు సగంలో వదిలెయ్యకూడదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. తోలుకుంటూ వెళ్లి దింపేశాను. దింపగానే మెచ్చుకోలు వచ్చింది. నీ పేరుకి.

నాన్న బురదకాళ్లతో వచ్చాడు. ఏటి సేస్తన్నావని అడిగాడు. ఏమీ లేదన్నాను. "ఆడి మడి తడిసింది" అని చెప్పి నూతి దగ్గరకి వెళ్లాడు. నేను మూత మూసేశాను. అక్కడితో ఆపేసి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

ఆపలేదు. తర్వాతి ఆదివారం కూడా తెరిచాను. నీ కంపెనీ నాదానికంటే పెద్దది. నా కంపెనీలో అన్నీ అప్పులు, జరిమానాలు. నీది శుభ్రంగా ఉంది. అన్ని ఊళ్లకీ దారులు తెరిచి ఉన్నాయి. అందులో కూర్చుంటే నేను కూడా నిదానస్తుణ్ని అనిపించేది. కానీ పచ్చ లారీ ఎత్తు ఎక్కలేదు. పాత ఇంజను. నువ్వు మొదట కొన్నది, మార్చనే లేదు. ఒకరోజు దాన్ని అమ్మేసి పెద్ద ఎర్రబండి తీసుకున్నాను. నిజంగా అమ్మాలా అని ఆట ఒకసారి అడిగింది. అవును అని నొక్కాను.

దాని నుదుటి మీద ఏముందో నాకు తెలుసు బావా. తెలియక కాదు. అద్దం పైన ఎర్ర అక్షరాలతో పార్వతి అని నువ్వు రాసుకున్నావు. జిరాక్సు కొట్లో పెళ్లికార్డులకి అక్షరాలు కూర్చినట్టు రెండు ఆదివారాలు కూర్చుని గీశావు. అక్క పేరు. ఆ రోజు నాకు అది రంగులాగే కనిపించింది. అలా ఎలా కనిపించింది?

అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. మనకి గాలి తప్ప ఏమీ కాలేదు. టెక్కలి, పలాస వైపు కొబ్బరి, జీడి పడుకున్నాయి. ఆ వైపు వారాల తరబడి కరెంటు లేదు. గురువుగారు కనిపించలేదు. నిజం చెప్పాలంటే నేను ఆయన గురించి ఆలోచించనే లేదు.

నవంబరులో ఒక ఆదివారం పొద్దున్న తెర మూల ఆయన పేరు వెలిగింది. వెంటనే ఒక ముక్క వచ్చింది. "తమ్ముడా, బతికున్నావా?"

ఆయన తుఫాను గురించి అడిగాడు. నేను ఎంతసేపు చూశానో తెలియదు. చెప్పడం పెద్ద పని కాదు. రెండు మాటలు. ఆ రెండు మాటలు రాస్తే ఆయన నన్ను అడిగేవి ఇంకా ఉంటాయి. నువ్వెవరు, ఈ లారీ ఎందుకు తోలుతున్నావు… నేను రాసింది ఒకటే.

"బతికే ఉన్నాను."

అక్కడి నుంచి అబద్ధం దానంతట అదే నడిచింది. కన్ను ఎలా ఉంది అని అడిగేవాడు, బాగుందనేవాణ్ని. మా మరదలు ఎలాగుంది అంటే బాగుందనేవాణ్ని. అక్క ఆ రోజుల్లో అన్నం సరిగ్గా తినేది కాదు.

చలికాలం తగ్గింపులో ఆయన నీకు ఒక కానుక పంపాడు. లారీ ఆటకి కొత్త దేశం, మంచు రోడ్లు. "మా కొబ్బరిసెట్టు ఒక్కటి నిలబడ్లేదు తమ్ముడా. సెట్లు లేని సోట తిరగలేకపోతన్నాను. సలిదేశం ఎల్దాం రా" అని రాశాడు. కానుక కింద రెండు గళ్లున్నాయి. తీసుకోవడం ఒకటి, వద్దనడం ఒకటి. వద్దంటే కారణం రాయడానికి ఖాళీ కూడా ఇచ్చారు. నేను తీసుకున్నాను.

అదే నెలలో ఇంకో కొత్త దుకాణం వచ్చింది బావా, నువ్వు చూడనిది. మనుషుల్ని రప్పించుకోవడానికి ఆటలు ఊరికే ఇచ్చేస్తోంది. నువ్వైతే నమ్మేవాడివి కాదు, ముందు నిబంధనలు చదివేవాడివి. అందులో నా పేరు మీద ఖాతా తెరిచాను. సొంత పేరు, సొంత ఫోన్ నంబరు. ఇచ్చినవన్నీ తీసుకుని పెట్టుకున్నాను. ఒక్కటీ ఆడలేదు. నా పేరు మీద అన్ని ఆటలుంటే, ఆదివారం పొద్దున్న మాత్రం నీ పేరులోకి దూరేవాణ్ని. దీనికేం పేరు పెడతావు?

ఏప్రిల్లో గురువుగారు వచ్చాడు.

నౌపడలో పాసింజరెక్కి విజయనగరంలో దిగి, అక్కడి నుంచి ఆటోలో నెల్లిమర్ల. చంకకర్ర, భుజానికి సంచి. నేను ఎరువుల కొట్లో పనిలో ఉన్నాను. తర్వాత అక్క చెప్పింది చెబుతున్నాను. ఆయన కొట్టు ముందు నిలబడి "పైడిరాజు తమ్ముడు లేడేటమ్మా?" అన్నాడు. పాత ఫారం కోసం వచ్చాడనుకుని అక్క లేరంది. "ఎప్పుడొస్తాడు? రానీ, కూకుంటాను" అన్నాడు. అప్పుడు అక్క చెప్పింది. పోయారు బాబూ, కిందటి వినాయకచవితి రోజుల్లో.

ఆయన ఒప్పుకోలేదు. "ఏటమ్మా అలగంతావు. మొన్న ఆదివారం నాతోనే ఉన్నాడు కదా. ఇద్దరం మంచులో సిమెంటు దింపినాం."

అక్క చేతిలో అప్పుడు ఎవరిదో ఆధార్ కార్డు ఉంది, మిషను మీద పెడుతోంది. ఆ రోజు సాయంత్రం నాతో అంది. "ఆయన ఎక్కడో ఉన్నాడేమో అనిపించిందిరా. ఎంతోసేపు కాదు. మిషన్లో లైటు ఆ సివర్నుంచి ఈ సివరికి పోయినంత సేపు."

ఇది నీకు చెప్పకుండా ఎలా ఉండను? మిగతా అబద్ధాలన్నీ ఒక ఎత్తు. అక్కకి ఆ లైటు పోయినంత సేపు ఒక ఎత్తు.

అక్క ఫోన్ చేసి బేగి రా అంది. వెళ్లాను. బల్ల మీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. కర్ర చూశాక ఎవరో చెప్పక్కర్లేకపోయింది. అక్క నా ముఖం చూసి "నువ్వేనేటి?" అంది. అవునన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. ఎందుకొచ్చాడో చెప్పాడు, అక్కకే చెప్పాడు, నా వైపు చూడకుండా. "మంచురోడ్ల కాడ్నుంచి ఆడి తోలడం మారిపోనాదమ్మా. మలుపులో దాటేస్తన్నాడు. ఎడంపక్కొచ్చే బండ్లని కూడా సూడ్డం లేదు. పైడిరాజు అలగ తోలడు. ఉన్న కన్ను కూడా పోతందేమో, నాకు సెప్పుకోలేక ఊరుకున్నాడేమో అనుకున్నాను. మాకాడ మంచి కళ్ల డాక్టరున్నాడు. లాక్కెల్దామని వొచ్చినాను."

నేను నిలబడే ఉన్నాను. రోడ్డు మీద బస్సు వెళ్లింది. ఎవరో రేషన్ కార్డు రెండు కాపీలు అన్నారు, అక్క తీసిచ్చింది.

అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. "తుఫానప్పుడు బతికే ఉన్నానన్నది నువ్వా?"

అవునన్నాను. "సచ్చిపోనాడని ఒక్క ముక్క రాస్తే సరిపోను కదా బాబూ. ఆ రోజే నాను తలమీద నీళ్లు పోసుకునీవోణ్ని. ఆడికి నానిచ్చీది ఇంకేటుంది?"

కొట్టు వెనక కుళాయి దగ్గరకి కర్ర మీద వెళ్లాడు. ఖాళీ పేపరు పెట్టె ఒకటి తిరగేసుకుని దాని మీద కూర్చున్నాడు. కట్టుబట్టలతోనే చెంబుతో తలమీద నీళ్లు పోసుకున్నాడు. చెంబు నేను అందించబోతే అక్క నా చేతిలోంచి తీసుకుంది. ఏడు నెలలు ఆలస్యంగా ఆయన నీకు స్నానం చేశాడు బావా. ఆలస్యం నాది.

భోజనం చేయమంటే వద్దన్నాడు. నీకని తెచ్చిన జీడిపప్పు పొట్లం బల్ల మీద పెట్టి, తడి బట్టలతోనే ఆటో ఎక్కాడు.

ఆ సాయంత్రం అక్క ఆ ఆట తెరవమంది. కొట్టు కంప్యూటరులో తెరిచాను. "లారీకి నా పేరు రాసుకున్నానని సెప్పేవోడు. సూపిస్తానంటే తర్వాత సూద్దాంలే అన్నాను. ఏది?" అంది. ఎర్రబండి కనిపించింది. దాని మీద ఏమీ లేదు.

అమ్మేశానన్నాను.

"ఎవరికి?" అంది. కొన్నవాణ్ని అడిగి తెచ్చుకోవచ్చనుకుంది కాబోలు. ఎవరికీ కాదక్కా, ఆటే తీసేసుకుంటుంది అన్నాను. "ఎవరికీ కాకుండా అమ్మేసినావా" అంది. అరిచి ఉంటే బాగుండేది. కంప్యూటరు ముందు నుంచి లేచి, అద్దం తుడిచే గుడ్డతో మిషను తుడిచింది. చాలాసేపు తుడిచింది. "నాన్న ఆయన వంతుకి నీళ్లు కట్టినాడు. నువ్వేటి కట్టినావు?"



పాస్‌వర్డ్ మార్చమంది. కొత్తది ఆమెనే కొట్టమన్నాను, అక్షరాలు వెతుక్కుంటున్నంతసేపూ రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. అప్పటినుంచి నాకు ఆ ఖాతా తెలియదు. తెలుసుకోను.

మే నెల ఊరికే పోయింది. జూన్‌లో ఒక ఆదివారం నేను కొట్టుకి వెళ్లేసరికి అక్క నీ కుర్చీలో కూర్చుని ఉంది. ఇంజను ఎలా వెయ్యాలి అని ఒక్కటి అడిగింది. చెప్పాను. ఇలా ఇంకొకరు వాడటం నిబంధనల్లో లేదని, నువ్వు చదివింది కూడా చెప్పాను. నువ్వుంటే చెప్పేవాడివని. "నువ్వు వాడినప్పుడు గుర్తురాలేదేటి ఆ ముక్క? డీ-పట్టా భూమైనా మొగుడు పోతే పెళ్లాం దున్నుద్ది. దుకాణపోళ్లొచ్చి అడిగితే నాను సెప్పుకుంటాను" అంది.

గురువుగారికి ఆమే రాసింది. ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కటి వెతుక్కుని. నేను పార్వతిని, ఆయన భార్యని, లారీ నేర్చుకుంటున్నాను. రెండు ఆదివారాలు జవాబు లేదు. మూడో ఆదివారం అక్క బంకులోంచి రోడ్డు మీదకి వస్తుంటే వచ్చింది.

"ఇండికేటరు వెయ్యమ్మా."

అప్పటినుంచి ఆయన ముందు, అక్క వెనక. ఎంత నిదానంగా తోలుతుందో నువ్వు చూడాలి. వెనక ఏ దేశంవాళ్లో హారన్లు కొట్టుకుంటూ ఉంటారు, ఆమె పక్కకి తప్పుకోదు. "ఆళ్లకంత తొందరైతే నిన్నే బయల్దేరాల" అంటుంది.

ఎర్రబండి కూడా వద్దంది. దాన్ని షెడ్డులో పెట్టేసి, ఇంకొకరి లారీలు కూలికి తోలి, పచ్చలారీ కోసం కూడబెడుతోంది. అదే రకం, అదే పాత ఇంజను. నువ్వు గీసిన అక్షరాలు పోలేదు బావా. కొట్టు కంప్యూటరులో పెళ్లికార్డుల ఫైళ్ల మధ్య దొరికాయి. బండి వస్తే అతికించుకోవచ్చు. ఇంకా చాలా తోలాలి. నేనైతే రెండు సాయంత్రాల్లో సంపాదించి పెట్టగలను. ఆ మాట అన్నాను కూడా. "ముట్టుకోకు" అంది. అంతే.

గురువుగారు నా సంగతి ఇంతవరకూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం ఏముంది? క్షమించమని రాద్దామని రెండుసార్లు అనుకున్నాను. రాయాలంటే నాకు సొంత పేరుండాలి. ఎండాకాలం తగ్గింపులో లారీ ఆట నా పేరు మీద కొందామని దుకాణం దాకా వెళ్లాను, ఇప్పుడు నాకూ కార్డుంది. కొనలేదు. ఆయన రమ్మంటే కొంటాను. లేకపోతే లేదు. ఈసారి ఆగుతాను.

ఇప్పుడు ఆదివారం పొద్దున్న నా పని ఇదీ. అక్క లారీలో ఉన్నంతసేపూ కొట్టు నేను చూస్తాను. కంప్యూటరుకి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి, జిరాక్సులు తీస్తాను. తెర వైపు చూడను. మధ్యలో హారన్ రెండుసార్లు వినిపిస్తుంది. గురువుగారు దాటి వెళ్లాడని అర్థం. మొన్న ఒకాయన పాసుపుస్తకం కాపీలు అడిగితే మిషను మళ్లీ మింగింది. నేను కొట్టాను, వినలేదు. అక్క ఎడమచేత్తో స్టీరింగు మీట పట్టుకునే, కుర్చీలోంచి లేవకుండా, కుడిచెయ్యి వెనక్కి చాపి ఒకటి కొట్టింది. కాగితం వచ్చేసింది.

నీ వంతు నీ ఇంటికి చేరింది బావా. పచ్చలారీ కొన్న రోజున అక్క పిలిచి చూపిస్తే చూస్తాను. పిలవకపోతే నేను రోడ్డు వైపే తిరిగి ఉంటాను.

మాట.

నీ బావమరిది,
సన్యాసిరావు